మీటలు మొలిచిన పలక

మా వీధి మందులదుకాణమున ‘టాబ్లెట్’ అన్న మాటకు నేటికిని మాత్ర యనియే అర్థము. బడిపిల్లల నోట అదే మాట ‘ట్యాబు’గ కురుచయై, చేతిలో ఇమిడెడు అద్దపు ఫలకమునకు పేరైనది. నాకు మాత్రము ఆ వస్తువును చూచినప్పుడెల్ల పలక యన్న మాటయే తోచును. చుట్టును చట్రము, నల్లని నునుపైన ముఖము, వ్రాసినదానిని క్షణములో తుడిచివేయుటకు వీలు, ఒడిలో పెట్టుకొనదగిన పరిమాణము, ఇన్నియు కలిగిన వస్తువునకు మన అక్షరాభ్యాసము నాటి పేరుకంటె తగినది వేరొకటి ఎక్కడ దొరకును? అట్టి పలకకు ఇటీవల మీటలు మొలిచినవి. దానికొక కీబోర్డు తగిలించి, ల్యాప్‌టాపునకు మారుగ వాడుకొనుట ఒక ఆచారముగ వ్యాపించుచున్నది. గడచిన నాలుగు మాసములుగ నేనును ఆ ఆచారమునకు లోబడి, ఏడేండ్లు నాకు కొలువుచేసిన ల్యాప్‌టాపును బీరువాలో పెట్టి, నా వ్రాతపనినంతయు పలకమీదనే సాగించితిని.

దీనికంతటికి కారకురాలు నా మేనకోడలు. హైదరాబాదులో ఇంజనీరుగ పనిచేయుచున్న ఆమె సంక్రాంతికి వచ్చినప్పుడు నా సంచి ఎత్తి చూచి, “మామయ్యా, నువ్వు చేసేదల్లా చదవడం, రాయడం, నాలుగు మెయిళ్లు పంపడం. దానికోసం ఇంత బరువు మోస్తావా?” అని, తాను వాడి విడిచిన 11 అంగుళముల పలకను, దానితోపాటు మడతపడు కీబోర్డును నా చేతిలో పెట్టి వెడలిపోయినది. అడుగక వచ్చిన వస్తువును తూకము వేయుట మర్యాద కాదని యెరిగియు, ఆ నాలుగు మాసములును నేను చేసినపని అదియే.

ఈ పలక నిన్న మొన్న పుట్టినదని చాలమంది తలంతురు. 1972వ సంవత్సరమున అమెరికాలో జిరాక్సు సంస్థవారి పాలో ఆల్టో పరిశోధనకేంద్రమున పనిచేయుచుండిన ఆలన్ కే అను శాస్త్రజ్ఞుడు, పిల్లలు చంకన పెట్టుకొని పోదగిన కంప్యూటరు ఎట్లుండవలెనో ఊహించి ఒక వ్యాసము వ్రాసి, ఆ ఊహకు డైనాబుక్ అని పేరుపెట్టెను. నోటుపుస్తకమంత వైశాల్యము, నాలుగు పౌన్లకు, అనగా రెండు కిలోలకు లోబడిన బరువు, ఐదువందల డాలర్ల ధర, ఇవి ఆతడు గీచుకొనిన హద్దులు. ఆ చిత్రమున తెర క్రింద మీటల వరుసలున్నవి. ఐతే అదే వ్యాసమున ఆతడు మరియొక అడుగు ముందునకు వేసి, తెరయే పుస్తకమంతట పరచుకొనినచో మీటలను ఆ తెరమీదనే కావలసినచోట చిత్రించుకొనవచ్చును గదా యనియు సూచించెను. కావున మీటలున్న పలకయు, మీటలు లేని పలకయు ఒకే కడుపున పుట్టిన కవలలు. వాని దాయాదిపోరు యాభై యేండ్లు దాటి నేటికిని తీరలేదు. ఆలన్ కే ఊహకు, ఆనాటి వాస్తవమునకు నడుమ ఎంత దూరముండెనో తెలియవలెనన్నచో, తొమ్మిదేండ్ల తరువాత, 1981లో, ‘వెంట తీసికొనిపోదగినది’ అను బిరుదుతో అంగడికి వచ్చిన ఆస్బర్న్ కంప్యూటరు బరువు సుమారు 11 కిలోలని చెప్పిన చాలును. దానిని రైలెక్కించుటకు కూలివానిని పిలువవలసినదే.

2001 నవంబరులో మైక్రోసాఫ్టు అధినేత బిల్ గేట్సు, ఐదేండ్లలో అమెరికాలో అత్యధికముగ అమ్ముడుపోవు కంప్యూటరు పలకరూపమున నుండునని జోస్యము చెప్పెను. జోస్యము ఫలింపలేదు. బల్లమీది కంప్యూటరు కొరకు, మౌసు కొరకు కల్పించిన సన్నసన్నని గుర్తులను పుల్లవంటి కలముతో పొడుచుకొనుచు పనిచేయుట ఎవరికిని రుచింపలేదు. 2010లో ఆపిల్ వారి ఐప్యాడు వచ్చి, పుల్లను పారవైచి వ్రేలికే పెత్తనమిచ్చినప్పుడుగాని పలక జనములోనికి రాలేదు. ఇందొక చమత్కారము కలదు. వ్రేలితో తాకుటయే సర్వస్వమని చాటుచు వచ్చిన ఆ ఐప్యాడుతోపాటు, దానిని నిలువుగ గ్రుచ్చి టైపు చేసికొనుటకు ఒక కీబోర్డు పీఠమును కూడ ఆ సంస్థ తొలినాడే ప్రకటించినది. కడుపులో కవల ఇంకను కదలుచునే యున్నదన్నమాట. రెండేండ్ల తరువాత మైక్రోసాఫ్టు వారు సర్ఫేసు అను పేర, అట్టవలె మూసికొనెడు కీబోర్డుతో ఒక పలకను దింపిరి. వారి పాత ప్రోగ్రాములేవియు ఆ తొలి సర్ఫేసులో నడువవు. తత్ఫలితముగ అది ఆశించినంత అమ్ముడుపోక, 2013 జూలైలో 90 కోట్ల డాలర్ల నష్టమును ఆ సంస్థ తన లెక్కలలో వ్రాసికొనవలసివచ్చెను. పలకను, ల్యాప్‌టాపును కలుపుట యనగా రొట్టెలు కాల్చు యంత్రమును రిఫ్రిజిరేటరుతో అతికించుటవంటిదని 2012లో పరిహసించిన ఆపిల్ అధిపతి టిమ్ కుక్, 2015 నవంబరులో పెద్ద ఐప్యాడును కీబోర్డుతోడనే విడుదలచేసి, ఆ అతుకును తానే వేసెను. 2020 మార్చిలో అందులోనికి మౌసుబాణము ప్రవేశించినది. 2021లో ల్యాప్‌టాపులలో నుండు ఎమ్1 అను చిప్పే దానికిని అమర్చబడినది. 2025లో కిటికీలను ఇష్టమువచ్చినట్లు జరుపుకొను సౌకర్యమును, తెర శిరస్సున మెనూ వరుసయు వచ్చి చేరినవి. మౌసును వెడలగొట్టి సింహాసనమెక్కిన పలక, పదేండ్లు తిరుగకమునుపే దానిని సగౌరవముగ పిలిపించుకొని ప్రక్కన కూర్చుండబెట్టుకొనినది.

చరిత్ర అటుండగా, శరీరమునకు సంబంధించిన సంగతి యొకటి కలదు. దానిని నేను శాతవాహన ఎక్స్‌ప్రెస్సులో నేర్చుకొంటిని. విజయవాడలో బండి కదలినది మొదలు సికింద్రాబాదు చేరువరకు వ్రాసికొనవచ్చునని ఉబలాటపడి, పలకను ఒడిలో నిలిపి కీబోర్డు తెరచితిని. ఖమ్మము రాకమునుపే అది మూడుమారులు వెల్లకిల పడెను. కారణమును ఆలోచింపగ తెలిసినది సులభమైనదే. ల్యాప్‌టాపునందు బరువంతయు, అనగా బ్యాటరీ, చిప్పులు, తదితర యంత్రసామగ్రి, మీటల క్రింది భాగమున నుండును, తెర తేలిక. పలకయందో, ఆ సామగ్రియంతయు తెరవెనుకనే దాగియుండును. మీటల భాగము విసనకర్రవలె తేలిక. తలబరువైన వస్తువు నిలుకడగనుండుట యెట్లు? దీనికి తయారీదారులు రెండు ఉపాయములు పన్నిరి. వెనుక నొక మడతకాలు పెట్టుట యొకటి; అది బల్లమీద దివ్యముగ నిలుచునుగాని, మోకాళ్ల సందున జారిపోవును. కీబోర్డునకే కావలెనని బరువు చేర్చుట రెండవది; అది నిలుచును, కాని 2020లో వచ్చిన పెద్ద ఐప్యాడును, దాని మీటల పీఠమును కలిపి తూచినచో 1.3 కిలోలు దాటి, అదే సంస్థవారి సన్నని ల్యాప్‌టాపుకంటె బరువు తూగినది. ‘ల్యాప్’ అనగా ఒడి. ఒడిలో కూర్చుండు సుఖము ల్యాప్‌టాపునకు పేరులోనే కలదు, పలకకు ఎదుటి ఆసనము వెనుక మడిచియుండు చిన్నబల్ల కావలెను. ఆ బల్లను దింపుకొనిన పిమ్మట నా ప్రయాణము హాయిగ సాగినదని కూడ చెప్పకున్న అన్యాయమగును. పంకా లేదు కావున రొద లేదు, తొడలు కాలవు. మధిర నుండి కాజీపేట వరకు ఛార్జింగుతీగ కొరకు గోడ వెదుకవలసిన అగత్యము కలుగలేదు.

మీటలు ఏల కావలెనని అడుగువారును కలరు. తెరమీదనే అక్షరములు మొలచుచుండగా వేరుగ మీటలెందుకని నా మనుమడు కూడ అడిగినాడు. తెరపై మొలచిన మీటలు అడ్డముగ పెట్టిన పలకలో సగమును మ్రింగివేయును. వ్రాసినదానిలో మూడు నాలుగు పంక్తులకంటె ఎక్కువ కంటికి కానరావు. అదియుగాక గాజునకు స్పర్శ లేదు. ఏ కీబోర్డునందైనను ఎఫ్, జె మీటలపై సన్నని గీతలు రెండు ఉబ్బియుండును. అవి చూపుడువ్రేళ్లకు ఇల్లు చూపు దీపములు. వ్రేళ్లు ఆ ఇంటికి చేరినచో కన్ను మీటలను వదలి వాక్యమును వెంబడించును. నాలుగు మాటల జవాబునకు గాజు చాలును; నాలుగు పుటల వ్యాసమునకు చాలదు. ఈ మీటలు పలకతో ముచ్చటించు మార్గములు రెండు. బ్లూటూత్ ద్వారా గాలిలో మాటలాడునవి చౌక, ఏ పలకకైనను పనికివచ్చును, కాని వాటికొక బ్యాటరీ, దానికొక ఛార్జింగు, సరిగ పనియున్ననాడే అది నిండుకొనుట, ఈ తంటాలున్నవి. పలక అంచుననుండు లోహపు చుక్కలకు అతుక్కొని, పలకనుండియే విద్యుత్తు గ్రహించునవి నమ్మకమైనవి, కాని ఏ పలక మీటలు ఆ పలకకే. వాటి ధర ముచ్చట చెప్పుకొన్నచో, పెద్ద సంస్థల పీఠములు కొన్ని 25,000 రూపాయలకు పైబడి పలుకుచున్నవి. ఆ సొమ్మునకు ఒక సామాన్యపు ల్యాప్‌టాపునే కొనవచ్చునన్న లెక్క మా మేనకోడలికి తట్టలేదు. తట్టినను, నాకది ఉచితముగ వచ్చినది గనుక నేను మాటలాడరాదు.

ఇక తెలుగు వ్రాత మాట. ఇచ్చట కొంత నిలువవలెను. మనలో అధికసంఖ్యాకులు తెలుగును ఇంగ్లీషు అక్షరముల మీదుగ వ్రాయుదురు. ‘ఎ, ఎమ్, ఎమ్, ఎ’ అని కొట్టినచో ‘అమ్మ’ ప్రత్యక్షమగును. గాజుమీటలపై నాకిది వెన్నతో పెట్టిన విద్య. కాని కీబోర్డు తగిలించిన మరుక్షణమే, నా పలకలోని ఆ లిప్యంతరీకరణ విద్య మౌనవ్రతము పట్టినది. తెరమీటలు మాయమైనవి, వాటితోపాటు తెలుగును మాయమైనది. ‘అమ్మ’ అని కొట్టినచో నాలుగు ఇంగ్లీషక్షరములు వికవిక నవ్వుచు నిలిచినవి. ఆ విద్య తెరమీటలను ఆశ్రయించియుండు ప్రోగ్రాముదే కాని పలకది కాదని, బయటి మీటలకు వేరుగ అమరిక కావలెనని, ఆ యమరిక అన్ని పలకలకును ఒకే తీరున లభింపదని తెలిసికొనుటకు నాకు వారము పట్టినది. విండోసుతో నడచు పలకలకు ఈ ఇబ్బంది లేదు. వాటిలో ఇన్‌స్క్రిప్టు అమరిక చిరకాలముగ నున్నది, 2019 నుండి ఉచ్చారణననుసరించు తెలుగు కీబోర్డును అంతర్నిర్మితముగ కలదు. కొనబోవువారు అంగడివానిని తెర వైశాల్యము, జ్ఞాపకశక్తి మున్నగువానిని అడుగుటకు ముందుగ, కీబోర్డు తగిలించి ‘కృష్ణానది’ అని కొట్టి చూపుమని అడుగుట మంచిది.

నేనీ ఇబ్బందిని తప్పించుకొనుటకు ముదిమిలో ఇన్‌స్క్రిప్టు నేర్చితిని, నేర్చి ధన్యుడనైతిని. 1980 దశకమున రూపొంది, 1991లో భారతీయ ప్రమాణమున చోటుచేసికొనిన ఈ అమరికయందు, అచ్చులు, గుణింతములు ఎడమచేతికి, హల్లులు ప్రధానముగ కుడిచేతికి పంచియీయబడినవి. మన లిపులన్నిటికిని అమరిక ఒక్కటే; ‘క’ యున్న మీట హిందీలోను, కన్నడములోను, తెలుగులోను అదియే. ఎడమ నడిమివ్రేలి క్రింద పొల్లు ఉండును. అదే మీటను షిఫ్టుతో నొక్కిన ‘అ’ వచ్చును. మన హల్లులో అంతర్గతముగ నున్న అకారమును తొలగించు గుర్తు పొల్లు. ఆ అకారమును, దాని లోపమును ఒకే మీటపై నుంచినవాడెవడో గాని, అతనికి వ్యాకరణము తెలియును, వినోదమును తెలియును. ‘క’ కుడి నడిమివ్రేలిది. కావున ‘అక్క’ యన్న మాటను, షిఫ్టు పట్టుకొనుటకు చిటికెనవ్రేలి సాయము తప్ప, రెండు నడిమివ్రేళ్లతోడనే కొట్టవచ్చును. ఈ సొగసు గాజుమీటలపై ఎన్నడును తెలియదు.

మన అక్షరముల నిర్మాణము యంత్రములకు ఎంత గడ్డుదో చెప్పుటకు ఒక ప్రసిద్ధసంఘటన చాలును. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అను తెలుగక్షరము సందేశములో వచ్చిన చాలును, ఐఫోనులు, ఐప్యాడులు తల్లడిల్లి, ఆ సందేశము తెరచిన ప్రోగ్రాము కుప్పకూలుచుండెను. జకారమునకు పొల్లు, దానిక్రింద ఞ వత్తు, కంటికి కానరాని ఒక విభాజకచిహ్నము, ఆపైన దీర్ఘము, ఈ కూర్పును పేర్చుటలో యంత్రము తడబడినది. కొలదిదినములలోనే సంస్థవారు సవరణ విడుదలచేసిరి. సకలవిద్యలు నేర్చిన యంత్రము జ్ఞానములోని తొలి అక్షరముకడ తూలిపడుట చూచి, ఆనాడు నవ్వని తెలుగువాడు లేడు.

ప్రభుత్వములు ఈ పలకను మనకంటె ముందుగనే చేపట్టినవి. 2011 నాటి సామాజిక, ఆర్థిక, కులగణనయందు భారత్ ఎలక్ట్రానిక్సువారు చేసిన పలకలను పట్టుకొని గణకులు ఇల్లిల్లు తిరిగిరి. ఆ యేడే అక్టోబరు 5వ తేదీన విద్యార్థులకు చౌకగ ఈయదలచిన ‘ఆకాశ్’ అను 7 అంగుళముల పలకను ఢిల్లీలో ఆవిష్కరించిరి. దాని తెర గట్టిగ నొక్కినగాని పలికెడిది కాదు, దాని మెదడు నత్తనడక నడచెడిది. 2021 ఫిబ్రవరి 1న ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ ఎర్రని సంచిలో పలకను పెట్టుకొని పార్లమెంటునకు వచ్చి, కాగితము లేకుండ బడ్జెటు చదివిరి. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తన బడులలోని 8వ తరగతి పిల్లలకు పాఠములు నింపిన ట్యాబులను పంచినది. వీటిలో దేనికిని కీబోర్డు లేదు. గణకునకు టిక్కులు పెట్టుట, మంత్రికి చదువుట, పిల్లలకు చూచుట పని గనుక, అవి పలకలుగనే యుండి తమ ధర్మమును నెరవేర్చినవి.

వ్రాయువాని సంగతి అట్లు కాదు. అతడు వ్రాసినది మరియొకని చేతికి పోవలెను. నాలుగు నెలలలో నాకు తెలిసివచ్చిన ముఖ్యవిషయ మిదియే. మా పలక చాలునా, చాలదా యన్న ప్రశ్నకు జవాబు పలకలో లేదు, ఆ చేతిలో నున్నది. పలక వేగము నాకు చాలునది మాత్రమే కాదు, నా అవసరమునకు మించినది. కాని మా ఊరి పద్దుల గుమాస్తాను చూడుడు. అతడు పద్దులు వ్రాయు టాలీ ప్రోగ్రాము విండోసుమీద నడచును. కంపెనీల పత్రములు దాఖలుచేయుటకు అతడు గ్రుచ్చెడు డిజిటల్ సంతకపు టోకెను ల్యాప్‌టాపునే అడుగును. ఎంత ఖరీదైన ఐప్యాడు చేతికిచ్చినను అతనికది సినిమాలు చూచు అద్దమే. అతని పిల్లలకో, కళాశాల పాఠము వినుచు ప్రక్కనే నోట్సు వ్రాసికొనుటకు, వ్రేలితోనో కలముతోనో రేఖాగణితపు బొమ్మలు గీచుకొనుటకు, దానికి సాటి ల్యాప్‌టాపు లేదు.

నా వ్రాత చేరవలసిన చేయి మా డీటీపీ మిత్రునిది. అతడు మా పేటలో ముప్పదేండ్లుగ పెండ్లిపత్రికలు, కరపత్రములు, నావంటివారి పుస్తకములు కూర్చుచున్నాడు. అతని అంగడిలో నేటికిని పేజ్‌మేకరు నడచుచున్నది. ఆ ప్రోగ్రాములో తుదిదైన 7.0 కూర్పు 2001లో వెలువడినది. దానిలో అతడు వాడునవి ‘అను’ అన్న పేరుగల లిపులు. యూనికోడు మన ముద్రణాలయములకు చేరకమునుపు పుట్టిన ఆ పద్ధతియందు, తలకట్టు, కొమ్ము, వత్తు మొదలైన తునకలను ఇంగ్లీషక్షరముల స్థానములలో కూర్చుండబెట్టి తెలుగు వేషము కట్టింతురు. ఆ లిపి లేని యంత్రములో తెరచినచో వేషము ఊడి ఇంగ్లీషు చిందరవందర బయటపడును. ఇదంతయు విండోసు కొరకే చేయబడిన వ్యవస్థ. నా పలకకు దానితో మాటలు లేవు. మార్చి యిచ్చు ప్రోగ్రాములున్నవిగాని, మొన్న ఒక వ్యాసమును నేను మార్చి పంపగ, వత్తులు కొన్ని తమ తల్లులను విడిచి పోయినవి.

ఈ వ్యాసమును చేత పట్టుకొని, అనగా పలకనే చేత పట్టుకొని, నిన్న అతని అంగడికి వెళ్లితిని. మార్పిడి మాట ఎత్తగనే, “అబ్బే, వద్దు మాస్టారూ. అది సరిచేసే టైములో నేను మళ్లీ కొట్టేస్తాను, ఇలా ఇవ్వండి” అనెను. తన కంప్యూటరు ప్రక్కన, వ్రాతప్రతిని ఆనించుకొను కొయ్యబల్లమీద పలకను నిలిపి, అక్షరములను వ్రేళ్లతో లాగి పెద్దవిచేసికొని, మొదటి వాక్యము చదివి, చూపు తెరవంక తిప్పుకొని, టకటక కొట్టుటకు మొదలిడెను. అర్ధపుట అయినదో లేదో, తలయెత్తకనే, “మాస్టారూ, ఆ కీబోర్డు ఊడదీసి మీ దగ్గర పెట్టుకోండి, చేతికి అడ్డమొస్తోంది” అనెను. మీటలను ఊడదీసి, సంచిలో వేసికొని, ప్రక్కనున్న స్టూలుమీద కూర్చుంటిని.